తెరమీద హరిదాసు, జైలులో భాగవతార్

పోయిన నెల వొక ఆదివారం సాయంత్రం మా యింటి వసారాలో చిన్న యుద్ధమే జరిగింది. ఒకవైపు తొంభై దాటిన మా పెద్దనాయన. మరొకవైపు ఆయన మనుమరాలు. మధ్యలో సాత్తూరు సేవు పొట్లం విప్పుకొని మేము. యీ పేజీ రాయడం మొదలుపెట్టిన నాటినుంచీ మాకు మధ్యవర్తి ఉద్యోగం తప్పడం లేదని పాఠకులకు తెలియనిది కాదు.

విషయం యిది. ఆ అమ్మాయి ఎనిమిదేళ్ళు మన ఏళాయిరంపన్నై నుంచి కోవిల్‌పట్టికి బస్సులో పోయివస్తూ నాట్యం నేర్చుకున్నది. కాలేజీ చదువు కూడా అయిపోయింది. సినిమా పాటలకు నాట్యం సమకూర్చే వొక బృందంవారు చెన్నైకి వచ్చి సహాయకురాలిగా చేరమన్నారు. తండ్రి ఔననడు, కాదనడు. తల్లి మాత్రం ససేమిరా అంటున్నది. "2024లో ఆ జానీ మాస్టర్ సంగతి పేపర్లో చదివినాము గదా! తెలిసి తెలిసి పిల్లను పంపమంటారా?" అని ఆమె ప్రశ్న.

దానికి పెద్దనాయన నవ్వినారు. "అదంతా వట్టి పుకారు తల్లీ. పేరు వచ్చినవాడిమీద బురద జల్లడం లోకానికి కొత్తా? మా కాలంలో భాగవతార్‌ని యిట్లాగే నాశనం చేసినారు" అన్నారు.

తాతగారు తనకే వత్తాసు పలికారని అమ్మాయి సంతోషిస్తుందనుకున్నాము. ఆ పిల్ల సంతోషించలేదు. "తాతా, అదీ యిదీ వొకటేనా?" అని అడిగింది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. నిజమే, వొకటేనా? మాకు తెలిసినంతవరకు యిక్కడ వివరంగా చెప్పి చూస్తాము.

మన పిల్లలలో చాలామందికి త్యాగరాజ భాగవతార్ అంటే తాతలు చెప్పే వొక పేరు మాత్రమే. మాయవరంలో పుట్టిన ఆయన 1934లో "పవళక్కొడి" చిత్రంతో తెరకెక్కారు. పదేళ్ళు తిరక్కుండానే దక్షిణదేశంలో ఆయనంతటివాడు లేడన్నారు. బంగారు పళ్ళెంలో భోజనం చేస్తాడని వూరూరా చెప్పుకునేవారు. ఆయన తల వెనక్కి దువ్వుకొంటే కుర్రవాళ్ళంతా అట్లాగే దువ్వుకొనేవారు. ఆయన చేసినవన్నీ కలిపి 14 చిత్రాలే. పాడినది తమిళమే అయినా ఆ వైభవంలో మనవారి చెయ్యి లేకపోలేదు. 1937లో మదరాసులో యేడాది దాటి ఆడిన "చింతామణి"కి దర్శకులు మన వై. వి. రావుగారు. 1941 నాటి "అశోక్ కుమార్"లో ఆయన పక్కన నిలబడినవారు మన నాగయ్యగారూ, కన్నాంబగారూ. 1943లో "శివకవి"ని తెరకెక్కించినవారు కోయంబత్తూరు ఎస్. ఎం. శ్రీరాములు నాయుడుగారు. యీ చివరి పేరును పాఠకులు కాస్త గుర్తు పెట్టుకోవాలి. మళ్ళీ వస్తుంది.

1944 దీపావళికి మదరాసు బ్రాడ్వే టాకీసులో "హరిదాసు" విడుదలయింది. ఆ బొమ్మ అదే టాకీసులో మూడు దీపావళులు చూసింది. 1944, 1945, 1946. అంతటి ఆట అంతకుముందు యెవరూ విని వుండలేదు. తల్లిదండ్రులను తూలనాడిన కొడుకు చివరకు బుద్ధి తెచ్చుకొని వారి పాదాలవద్ద చేరే కథ అది. మా పెద్దనాయన అప్పుడు పదకొండు పన్నెండేళ్ళ పిల్లవాడు. మన వూరునుంచి నాలుగు బండ్లు కట్టుకొని కోవిల్‌పట్టికి పోయి చూసినారట. "హాలులో ఆడవాళ్ళు ముక్కులు చీదుకుంటున్నారు. బయటికి వచ్చేసరికి టీ కొట్టు దగ్గర యెవరో చెప్పినారు, యిప్పుడు మీరు చూసినాయన జైలులో వున్నాడని. మా నాయన నమ్మలేదు. చెప్పినవాడిని కొట్టబోయినాడు" అంటారు ఆయన.

చెప్పినవాడు చెప్పినది నిజమే. 1944 డిసెంబరులో భాగవతార్‌నూ, హాస్యనటుడు ఎన్. ఎస్. కృష్ణన్‌నూ, శ్రీరాములు నాయుడుగారినీ పోలీసులు అరెస్టు చేశారు. ఆరోపణ హత్యకు కుట్ర. చనిపోయినవాడు లక్ష్మీకాంతన్ అనే పత్రికాయన.

ఈ లక్ష్మీకాంతన్ కథ మన తాతలు సగమే చెబుతారు. ఆయన మొదట "సినిమా తూతు" అనే పత్రిక పెట్టాడు. సినిమావారి అంతఃపుర రహస్యాలని చెప్పి నోటికి వచ్చినది రాయడం దాని వృత్తి. డబ్బు ముట్టినవారి జోలికి పోడనీ, ముట్టనివారిని వదలడనీ ప్రసిద్ధి. ప్రతులు మాత్రం వేడి వేడి బజ్జీలలాగా అమ్ముడుపోయేవి. అది యుద్ధకాలం. పత్రికకు సర్కారు అనుమతి వుండాలి. పైన చెప్పిన ముగ్గురూ గవర్నరుకు అర్జీ పెట్టుకొని ఆ అనుమతి రద్దు చేయించారు. ఆయన "హిందూ నేశన్" అనే మరొక పత్రికను చేజిక్కించుకొని మళ్ళీ అదే పాట పాడాడు. 1944 నవంబరు 8వ తేదీన మదరాసు వేపేరి ప్రాంతంలో రిక్షాలో పోతుండగా కత్తిపోటు పడింది. మరునాడు ఆస్పత్రిలో ప్రాణం పోయింది.

1945 మే నెలలో మదరాసు హైకోర్టులో జ్యూరీ ఎదుట నడిచిన విచారణ ముగిసింది. శ్రీరాములు నాయుడుగారు నిర్దోషిగా బయటికి వచ్చారు. భాగవతార్‌కూ కృష్ణన్‌కూ యావజ్జీవ ద్వీపాంతర శిక్ష. అప్పీలు పోయింది. లండనులోని ప్రీవీ కౌన్సిలుకు వెళ్ళారు. వారు కేసును మళ్ళీ మదరాసుకే తిప్పి పంపితే 1947 ఏప్రిలులో హైకోర్టు యిద్దరినీ నిర్దోషులని విడిచిపెట్టింది. అంటే దరిదాపు రెండున్నర యేళ్ళు కటకటాల వెనుక గడిచాయి. ఆ రోజులలో బ్రాడ్వే టాకీసు తెరమీద ఆయన రోజూ పాడుతూనే వున్నాడు. జనం రోజూ టిక్కెట్లు కొంటూనే వున్నారు!

పుణ్యమా అని బయటికి వచ్చాడు గదా, మళ్ళీ సింహాసనం యెక్కాడా? లేదు. 1948లో "రాజముక్తి" అని చిత్రం తీశారు. పేరులో ముక్తి వున్నది గాని పెట్టుబడికి ముక్తి లేకపోయింది. 1952లో రెండు చిత్రాలు వచ్చాయి. 1957లో "పుదు వాళ్వు"కు ఆయనే దర్శకత్వం కూడా వహించారు. వొక్కటీ నిలబడలేదు. ఒకనాడు ఆయన బండి కనబడితే చాలు కమ్ముకున్న జనం పక్కకు తిరిగిపోయారు. మధుమేహం వచ్చింది, కంటిచూపు పోయింది. 1959 నవంబరు 1న కన్నుమూశారు. యాభై యేళ్ళు నిండలేదు.

ఆయన పతనానికి కారణం జైలేనా? కాలం మారింది, ముప్పై పాటలున్న పురాణచిత్రాలు పోయి మాటల చిత్రాలు వచ్చాయి అని సినిమా తెలిసినవారు చెబుతారు. అందులో నిజం వున్నది. కానీ పెద్దనాయన మరొక మాట చెప్పారు. విడుదలయిన తరువాత వొకసారి గుడి ఉత్సవంలో ఆయన పాట విన్నారట. "గొంతు అదే. మనిషే అలసిపోయినాడు. చప్పట్లు కొడుతుంటే ఆయన మా వైపు చూడలేదు, నేల చూసినాడు" అన్నారు. కోర్టు నిర్దోషి అన్నది. జనం మాత్రం అనుమానమూ వదలలేదు, జాలీ వదలలేదు. యీ రెండూ మోస్తూ పాడడం యెంత బరువో పాడినవారికే తెలియాలి.

అదే కేసులో వున్న మిగతా యిద్దరి సంగతి చూస్తే ఆశ్చర్యంగా వుంటుంది. కృష్ణన్ జైలునుంచి వచ్చి మళ్ళీ నవ్వించారు. "నల్లతంబి"లో నటించారు, "మణమగళ్" అనీ "పణం" అనీ చిత్రాలకు దర్శకత్వం వహించారు. ఆయన కూడా యాభై దాటకుండానే 1957లో పోయారు. పోయేవరకూ జనం ఆయనను వదలలేదు. ఇక శ్రీరాములు నాయుడుగారు కోయంబత్తూరులో పక్షిరాజా స్టూడియో నడిపి 1954లో "మలైక్కళ్ళన్" తీశారు. దానికి రాష్ట్రపతి రజతపతకం వచ్చింది. అదే కథ తెలుగులో "అగ్గిరాముడు" అయింది, హిందీలో "ఆజాద్" అయింది. మొత్తం ఆరు భాషలలో ఆ వొక్క కథనే తిప్పి తిప్పి తీశారు. (నాయుడుగారి పొదుపు అని మా నాయన హాస్యమాడేవారు.) ఒకే నింద ముగ్గురిమీద పడింది. వొకరిని కూల్చింది, వొకరిని నవ్వు మాన్పలేకపోయింది, వొకరిని తాకి పక్కకు పోయింది.

ఇంతవరకు పెద్దనాయన మాట నిజమే. చేతికి దొరికిన పుకారుతో యెవరి పేరైనా కూల్చవచ్చును. కానీ వారి కథలో వొక చిన్న వివరం మిగిలిపోయిందని మనుమరాలు పట్టుకున్నది. "ఆ పత్రికలో ఆడవాళ్ళ గురించి కూడా రాసేవాడు గదా తాతా? వాళ్ళేమయినారు?" అన్నది.

పెద్దనాయన చాలాసేపు సేవు నములుతూ కూర్చున్నారు. చివరకు "యెవరికి తెలుసునమ్మా" అన్నారు. అంతే మరి. ముగ్గురు మగవారి కథ మనకు కంఠతా వచ్చును. వారి వెనుక ఆ కాగితాల మీద నానా మాటలూ పడిన నటీమణుల కథ యెవరికీ రాదు. వారి తరఫున గవర్నరుకు అర్జీ పెట్టినవారెవరో కూడా మనం వినలేదు. మరొకటి. ఆ పత్రిక కొన్నది యెవరు? మన తాతలే. మా తాతగారు దినపత్రిక మడతలో పెట్టుకొని చదివేవారని మా అవ్వ చెప్పేది. "మీ తాత వార్తలు చదువుతూ నవ్వితే నాకు అనుమానం వచ్చేది" అనేది. ఆయనే తరువాత భాగవతార్‌కోసం టీ కొట్టు దగ్గర చెయ్యెత్తారు!

ఇప్పుడు జానీ మాస్టర్ సంగతి. నెల్లూరు నుంచి వచ్చి తెలుగు, తమిళ, హిందీ చిత్రాలన్నిటిలో నాట్యం సమకూర్చినవారు. 2020లో "అల వైకుంఠపురములో" చిత్రంలోని బుట్టబొమ్మ పాటా, 2022లో "బీస్ట్" చిత్రంలోని అరబిక్ కుత్తూ మన యింటి పెళ్ళిళ్ళలో ఆడని పిల్లలు లేరు. "తిరుచ్చిట్రంబలం" అనే తమిళచిత్రంలోని పాటకు సతీష్ కృష్ణన్‌తో కలిసి ఆయనకు జాతీయ పురస్కారం వచ్చినట్టు 2024 ఆగస్టులో ప్రకటించారు. నెల తిరిగింది. సెప్టెంబరులో ఆయనవద్ద సహాయకురాలిగా పనిచేసిన వొక యువతి, తాను మైనరుగా వున్ననాటినుంచీ ఆయన తనమీద లైంగిక దౌర్జన్యం చేశారని హైదరాబాదు పోలీసులకు ఫిర్యాదు యిచ్చింది. ఆయనను గోవాలో అరెస్టు చేశారు. పురస్కారం అందుకొనిరావడానికి కోర్టు తాత్కాలిక బెయిలు యిచ్చింది. ఇంతలో పురస్కారాన్నే నిలిపివేశామని కేంద్రంవారు ప్రకటించారు. అక్టోబరు నెలాఖరుకు తెలంగాణ హైకోర్టు బెయిలు యిచ్చింది. ఆయన ఆరోపణలను కాదన్నారు. ఆయన దోషి అని గాని నిర్దోషి అని గాని చెప్పడం యీ పేజీ పని కాదు, మా పెద్దనాయన పనీ కాదు. అది న్యాయస్థానం తేల్చవలసినది.

కానీ యిది "సినిమా తూతు" వంటిదేనా అంటే, కాదని మేము ఖండితంగా చెబుతాము. లక్ష్మీకాంతన్ యెవరో చెప్పినది రాశాడు. ఈమె తనకు జరిగినదని తాను చెప్పింది. ఆయన రాతకు సాక్ష్యం అక్కరలేదు. ఈమె మాట పోలీసులముందూ మేజిస్ట్రేటుముందూ నిలబడాలి, వకీళ్ళ ప్రశ్నలకు తట్టుకోవాలి. ఆయన పత్రికలో పేర్లే సరుకు. ఇక్కడ ఫిర్యాదు చేసినామె పేరు అచ్చువేయడమే నేరం. పుకారు వేరు, ఫిర్యాదు వేరు. పుకారు విన్నప్పుడు చెవి మూసుకోవచ్చును. ఫిర్యాదు విన్నప్పుడు అట్లా మూసుకుంటే యెవరిని కాపాడుతున్నట్టు?

మరొక సంగతి. ఆ రోజులలో తెలుగు సినిమా నృత్య కళాకారుల సంఘానికి అధ్యక్షులు కూడా ఆయనే. సినిమాలో ఆటకు పోవాలంటే సంఘం కార్డు వుండాలి. పాటకు యెవరిని పిలవాలో మాస్టరు చెప్పాలి. సహాయకురాలికి రేపటి పని వుంటుందా లేదా అన్నది ఆయన మాటమీద ఆధారపడి వుంటుంది. అటువంటిచోట ఆయనమీదనే కష్టం చెప్పుకోవాలంటే యెవరి గుమ్మం తొక్కాలి? ఫిర్యాదు తరువాత ఆయనను ఆ పదవినుంచి పక్కకు పెట్టారు. ఫిలిం ఛాంబరువారు విచారణ సంఘం వుందన్నారు. అది ముందే వూరందరికీ తెలిసివుంటే బాగుండునని మాకనిపించింది. కేరళలో హేమ కమిటీ 2019లో యిచ్చిన నివేదిక 2024 ఆగస్టుదాకా బీరువాలో పడివున్న సంగతి కూడా పాఠకులకు తెలిసినదే.

ఇదంతా సినిమావారి గొడవ, మనకేమిటి అనుకోనక్కరలేదు. మన వూరి చుట్టూ వున్న అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలలోనూ టపాకాయల షెడ్డులలోనూ పనిచేసేవారిలో సగానికి సగం ఆడవారే గదా. అక్కడా మేస్త్రీ మాటమీదే రేపటి కూలి. 2013లో వచ్చిన చట్టం ప్రకారం పదిమందీ అంతకు మించీ పనిచేసే ప్రతిచోటా యిటువంటి ఫిర్యాదులు వినే లోపలి కమిటీ వుండాలి. దానికి వొక స్త్రీయే అధ్యక్షురాలు. సభ్యులలో కనీసం సగం స్త్రీలు. బయటి వ్యక్తి వొకరుండాలి. పదిమందికి తక్కువయితే, లేక యజమానిమీదే ఫిర్యాదయితే, జిల్లాకొక స్థానిక కమిటీ వుంటుంది. జరిగిన మూడు నెలలలోగా రాసియివ్వాలి. తగిన కారణం వుంటే మరో మూడు నెలలు గడువు పొడిగిస్తారు. విచారణ తొంభై రోజులలో ముగించాలి. పోలీసులకు చెప్పవలసినది వుంటే, నేరం యెక్కడ జరిగినా దగ్గరి స్టేషనులోనే యివ్వవచ్చును. వారే తగినచోటికి పంపుతారు. హైదరాబాదు కేసులోనూ అట్లాగే వొక స్టేషనులో యిచ్చినది మరొక స్టేషనుకు మార్చారు.

ఈ చట్టం గురించి మన సంఘం మహిళల సమావేశంలో వొకసారి అడిగి చూశాము. తమ ఫ్యాక్టరీలో కమిటీ వున్నదని చెప్పినవారు యిద్దరు. అందులో వొకామె తానే సభ్యురాలినని రిజిస్టరులో సంతకం పెట్టేనాడు తెలిసిందని చెప్పి అందరినీ నవ్వించింది. నవ్వవలసిన విషయమా అది? మేమూ నవ్వినాము.

మళ్ళీ వసారాకు వస్తే, పెద్దనాయన వోడిపోయినట్టు వొప్పుకోలేదు. ఆ వయసులో వొప్పుకోనక్కరలేదు కూడా. "అయితే ఆ పాటలు వినకూడదంటారా? భాగవతార్ పాట వినొద్దంటే నేను వినను" అని మొండికేశారు. వినవద్దని యెవరన్నారు? వొక పాటలో యాభైమంది ఆటగాళ్ళ చెమట వుంటుంది. పేరు వొకరిదే పడుతుంది గాని మోకాళ్ళు అరిగేది అందరివీ. పురస్కారం నిలిపివేసినంతమాత్రాన ఆ యాభైమంది ఆడినది ఆడకుండా పోదు.

అమ్మాయి తల్లి యింతవరకు లోపల నిలబడి వింటూ వున్నది. బయటికి వచ్చి, "అన్నీ బాగానే చెబుతున్నారు. పంపమంటారా, వద్దంటారా? అది చెప్పండి బావగారూ" అని మమ్మల్నే నిలదీసింది. మధ్యవర్తికి యింతకంటె గడ్డుకాలం వుండదు.

పంపడమే మంచిదన్నాము. పోనివ్వకపోతే ఆ పిల్ల యెనిమిదేళ్ళ బస్సు ప్రయాణం యెవరో చేసిన తప్పుకు జరిమానాగా కట్టినట్టవుతుంది. అయితే పోయేముందు నాలుగు ప్రశ్నలు రాసి పంపమన్నాము. ఆ బృందంలో యెంతమంది పనిచేస్తారు, ఫిర్యాదుల కమిటీలో యెవరెవరున్నారు, బయటివూళ్ళ షూటింగులకు పోతే బస యెక్కడ, యెవరితో? జీతం యెవరి చేతిమీదుగా వస్తుంది? "యిట్లా అడిగితే పొగరుబోతు పిల్ల అనుకోరూ?" అన్నది తల్లి. అనుకొంటే ఆ చోటు మనకు వద్దని అమ్మాయే అన్నది.

మరునాడే ఫోనులో రాసి పంపింది. పెద్దనాయన కళ్ళజోడు తుడుచుకొని అక్షరం అక్షరం చదివించుకొన్నారు. మూడవ ప్రశ్న దగ్గర ఆగి, "భోజనం యెవరు పెడతారో కూడా అడుగమ్మా" అని అయిదవ ప్రశ్న చేర్పించారు. యిది రాసేనాటికి జవాబు రాలేదు. ఆయన రోజూ పొద్దున కాఫీ అయ్యాక "వచ్చిందా?" అని అడుగుతున్నారు. వస్తే వచ్చే నెల పాఠకులకు తెలుపుతాము.